జెముడుకు వేసిన ప్యాచీ

వంతెన తెగిన వరద వచ్చి పోయిన పదమూడో ఏడు అది. ఆ వీధిలో పిల్లల వయసులూ, పెళ్ళిళ్ళూ, గోడలకు పడ్డ పగుళ్ళూ అన్నీ ఆ వరద నుంచే లెక్క. సైకిలు మేస్త్రీ పెరట్లోని జెముళ్ళ లెక్క కూడా అక్కడే మొదలవుతుంది.

బుధవారం పొద్దున మేస్త్రీ పెరట్లో పీట వేసుకుని, పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో ముళ్ళ సందుల్లో చేరిన పిండినల్లిని దులుపుతున్నాడు. గోడ పొడుగునా ఇటుకల మీద పలకలు, పలకల మీద డబ్బాలు. రంగు డబ్బాలు, గ్రీజు డబ్బాలు, అడుగున మేకుతో బెజ్జాలు కొట్టినవి, నలభై పైచిలుకు. వాటిలో తిన్నగా పెరిగిన మొక్క ఒక్కటీ లేదు. మామూలు జెముడుకు నెత్తిన ఒకే కొన ఉంటుంది, అక్కణ్ణించి పైకి పోతుంది. వీటికి ఆ కొన గీతలా సాగిపోయింది. పైకి పోయే దారి తెలియనట్టు పక్కలకు పరుచుకుని, మడతలు పడి, ఒకటి కోడిజుట్టులా, ఒకటి విసనకర్రలా, ఒకటి పిండి పడేసిన తడి తువ్వాలులా తయారయ్యాయి. అలా పరుచుకున్న కొనను పెంచేవాళ్ళు జుట్టు అంటారు. వేలల్లో ఒక మొక్కకు ఇలా అవుతుందని పళ్ళ డాక్టరు అంటాడు. ఎందుకవుతుందో ఆయనకూ తెలియదు.

"ఏరా, తలలు దువ్వుతున్నావా?"

అక్క. గోడ మధ్య ఉన్న తలుపు లేని ద్వారంలో నిలబడింది. ద్వారానికి అటు ఆమె రెండు గదులు, ఇటు తమ్ముడి ఇల్లు. పెరడు ఇద్దరిదీ. అయితే ఆమె ఆ గడప దాటి పెరట్లోకి వచ్చి ఏడేళ్ళయింది. మాట్లాడాల్సిందంతా గడప అవతల నిలబడే మాట్లాడుతుంది. ఆమె మాట్లాడేది తక్కువేమీ కాదు.

మేస్త్రీ తల ఊపాడు.

"ఊపు, ఊపు. మాటలన్నీ నాకు పెట్టేసి, నీకు ఆ తలకాయ ఊపే కీలు ఒక్కటి బిగించి పంపింది మన అమ్మ." చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "శనివారం పది గంటలకు వ్యాను వస్తుందిట. మా పిల్ల ఫోను చేసింది. బట్టలు కుట్టే కొట్టు పెట్టింది కదా, కాజాలు కుట్టే మనిషి నిలవడం లేదట. అమ్మయితే అలిగి పోదు, పోయినా పక్క గదిలోకే పోతుంది. మంచం నీకే వదిలేస్తాను. నీ భార్య వద్దన్నా ఉంచు, పట్టె కొంచెం కిర్రుమంటుంది, అంతే."

మేస్త్రీ బ్రష్షు ఆపాడు. "మళ్ళీ ఎప్పుడు?"

"మళ్ళీ ఏంటి? వెళ్ళడమే. ఇక్కడ నాకేం పనుందిరా?"

ఆ మాట ఆమె మామూలుగానే అంది. ఆయనకు మాత్రం చేతిలో బ్రష్షు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కాసేపు ముళ్ళ మీద ఊరికే తిప్పాడు. తర్వాత లేచి, రెండో పలక చివర ఉన్న చిన్న డబ్బా తీసుకొచ్చి గడప దగ్గర పెట్టాడు. అరచేతిలో సగం ఉన్న పచ్చటి జుట్టు, మూడంచుల జెముడు కాండం మీద అంటు కట్టినది.

"తీసుకెళ్ళు."

ఆమె దాని వైపు చూసింది. వంగబోయింది కూడా. వంగకుండానే నవ్వేసింది.

"నాకెందుకురా? నీళ్ళక్కని నేను. వ్యాను మలుపు తిరిగేసరికే కరిగిపోతుంది."

ఇంతలో వీధిలోంచి సబ్బుల సైకిలు గంట వినిపించింది. "నీళ్ళక్కా! బట్టల సబ్బు అడిగారు, తెచ్చా!"

"వస్తున్నా, వస్తున్నా!" అని అరుస్తూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వీధిలో అందరికీ ఆమె నీళ్ళక్కే. ఎందుకో తెలియని వాళ్ళకు కూడా. పిలిస్తే నవ్వుతూ పలుకుతుంది. కొత్తగా అద్దెకు దిగిన వాళ్ళకు తనే, "నన్ను నీళ్ళక్క అంటారమ్మా, చెట్లున్న చోటికి మాత్రం రానివ్వకండి," అని చెప్పుకుంటుంది. ఆమెకు అదొక వేళాకోళమని మేస్త్రీ ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

డబ్బాను మళ్ళీ పలక మీద పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం పళ్ళ డాక్టరు వచ్చాడు. ఆయనకూ ఇదే పిచ్చి. ఆసుపత్రి మేడ మీద పదిహేను కుండీలున్నాయి. ఈ మొక్కలు పెంచే వాళ్ళలో ఒక పద్ధతుంది. జుట్టును అమ్ముకోరు, ముక్కకు ముక్క మార్చుకుంటారు. ఇచ్చిన వాడి మొక్క ఎప్పుడైనా పోతే, పుచ్చుకున్న వాడు అందులోంచి ముక్క తిరిగి ఇవ్వాలి. అందుకే మంచి మొక్కను ఎవరూ ఒక్కరే ఉంచుకోరు. డాక్టరు ఈసారి పాత పేపర్లో చుట్టి, ఊదారంగు అంచున్న చిన్న జుట్టు ఒకటి తెచ్చాడు. దానికి బదులు పెద్ద పలక మీద మూడోదాన్ని అడిగాడు.

"అది పుంజు మనవరాలు కదూ?"

మేస్త్రీ తల ఊపాడు.

పుంజు అంటే మొట్టమొదటిది. వరద తీసిన వారానికి, గోడ మీద బురద గీత ఇంకా తడి ఆరక ముందు, కంచెకు చిక్కుకున్న చెత్తలోంచి అక్క ఒక జెముడు ముక్కను లాగింది. "దీని నెత్తి మీద ఎవరో కూర్చున్నార్రా!" అని నవ్వుతూ చూపించింది. మేస్త్రీ పారేయమన్నాడు. ఆమె రంగు డబ్బాలో పాతింది. రెండేళ్ళకు అది కోడిపుంజు జుట్టులా విచ్చుకుంది, ఆరో ఏటికి రెండు చేతులూ చాపినంత అయింది. పొరుగూరి వాళ్ళు కూడా వచ్చి చూసి పోయేవారు. ఆ ఆరో ఏడే పోయింది.

మేస్త్రీ బ్లేడును దీపం మంట మీద కాల్చాడు. అంటు కట్టాల్సిన కింది కాండాన్ని ముందే చదునుగా కోసి, ఆరిపోకుండా పైన పల్చటి బిళ్ళ ఒకటి అలాగే ఉంచాడు. సైకిలు ట్యూబును అడ్డంగా కోసిన రబ్బరు వలయాలు మోకాలి మీద వరసగా వేలాడుతున్నాయి. అంటు జారకుండా వాటితో డబ్బాకూ జుట్టుకూ కలిపి బిగిస్తాడు. ఎక్కడ ఎంత లాగాలో ఆ చేతులకు తెలుసు. నలభై ఏళ్ళుగా రబ్బరుతోనే బతికిన చేతులు.

జుట్టుకు ఒక పక్క నల్లటి ప్యాచీ ఉంది, అణా బిళ్ళంత. దాని పక్కగా బ్లేడు దింపాడు. పచ్చటి గుజ్జు, తెల్లటి అంచు, సగం వరకు శుభ్రంగా తెగింది. తర్వాత బ్లేడు మెత్తగా దిగబడింది.

"ఆగండి, ఆగండి."

డాక్టరు ముందుకు వంగాడు. తెగిన చోట లోపల గోధుమ రంగు గీత, తడిసిన అట్టలా. జేబులోంచి పళ్ళు గీకే కొక్కెం తీసి గుచ్చి చూశాడు. ఆయన జేబులో అదెప్పుడూ ఉంటుంది, ఇంట్లో భార్య తిడుతుందని కూడా చెబుతుంటాడు. కొక్కెం ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది.

"ఈ నల్లగా ఉన్నదేంటి మేస్త్రీ?"

"ప్యాచీ."

"ప్యాచీ అంటే?"

"కిందటేడు పిలక వస్తే కోశాను. ఆ గాయానికి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ట్యూబు ముక్క."

"సైకిలుకు వేసినట్టేనా?"

"అలాగే. గాలి దూరకుండా."

డాక్టరుకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయ్యా, ట్యూబులో గాలి ఉండాలి గానీ దీనికి గాలి తగలాలండీ! కోసిన చోటు ఎండిపోయి, పక్కు కట్టుకోవాలి. మీరు తడిని లోపల పెట్టి మూత బిగించారు. పుచ్చు తియ్యకుండా పైన సిమెంటు వేయించుకుని నా దగ్గరికొచ్చే వాళ్ళున్నారు చూడండి, అచ్చం అలాగే. పైకి ముత్యం. లోపల చూస్తే గుజ్జు."

మేస్త్రీ నవ్వలేదు. బ్లేడు కింద పెట్టాడు.

"నీళ్ళెక్కువైనా ఇలాగే అవుతుందా?"

"అవ్వదు. నీళ్ళెక్కువైతే ముందు వేళ్ళు కుళ్ళుతాయి. కిందనుంచి పైకి పాకుతుంది. ఇది చూడండి," అని కొక్కెంతో గీత వెంట చూపించాడు, "ప్యాచీ దగ్గర మొదలైంది, కిందకి దిగుతోంది. మొదలు ఇంకా గట్టిగానే ఉంది. దీన్ని బాగుచెయ్యొచ్చు, భయపడకండి."

భయపడింది దాని గురించి కాదు.

పుంజు ఒరిగిపోయిన పొద్దున మేస్త్రీ డబ్బాను బోర్లించి మట్టి దులిపాడు. వేళ్ళు తెల్లగా, గట్టిగా, తువ్వాలు అంచుకు వేలాడే దారాల్లా ఉన్నాయి. వాటిని చేత్తో పట్టుకుని చూశాడు. చేతి వేలికి చుట్టుకుంటే తెగలేదు కూడా. పైన మాత్రం అంతా నీరు. దానికి రెండు నెలల ముందే, అంటు కోసం అరచేతి మందాన ముక్క కోసి, ఆ గాయానికి పెద్ద ట్యూబు ముక్కతో ప్యాచీ వేశాడు. అంత నున్నగా సైకిలుకు కూడా ఎప్పుడూ పడలేదని మురిసిపోయాడు. అక్కకు చూపిస్తే, "ఇంక దీన్ని తొక్కుకుంటూ ఊరికి పోవచ్చు," అంది.

డబ్బా అడుగు తడిగా ఉంది ఆ పొద్దున. ముందురోజు కొట్టుకు వెళుతూ, అక్క చెంబు పట్టుకుని పెరట్లో తిరగడం చూశాడు. అంతే. వేళ్ళు కళ్ళ ముందే ఉన్నా మనసు చెంబు మీదికి పోయింది.

డాక్టరు అంటు తర్వాత చూసుకుందామని, తెచ్చిన ఊదారంగు జుట్టును వదిలేసి వెళ్ళాడు. వెళుతూ గుమ్మంలో మళ్ళీ ఒకసారి నవ్వుకున్నాడు. "ప్యాచీ! మా నర్సుకు చెప్పాలి."

శుక్రవారం మేస్త్రీ కొట్టు తెరవలేదు. టైరు లివరు, ఒక స్పోకు, బ్లేడు, దీపం ముందు పెట్టుకుని పెరట్లో కూర్చున్నాడు. ప్యాచీ ఉన్న డబ్బాలన్నీ ఒక పక్కకు దించాడు. పంతొమ్మిది. లివరు కొనతో ప్యాచీ అంచు లేపి, ట్యూబు మీంచి లాగినట్టే లాగాడు. బాగా అంటించినవి తొందరగా ఊడి రాలేదు. ఒక్కోదాని కింద స్పోకు గుచ్చి చూశాడు. గట్టిగా తగిలితే పక్కన పెట్టాడు. మెత్తగా దిగితే బ్లేడు కాల్చి, గోధుమ రంగు పోయి పచ్చ కనిపించే దాకా చెక్కాడు. చెక్కిన చోట బొగ్గు పొడి అద్ది, గాలి తగిలేలా ఎండ పడని చూరు కింద పెట్టాడు. పదకొండు మెత్తగా దిగాయి.

పుంజు పోయిన తర్వాత కూడా మొక్కలు కుళ్ళి పోయాయి. ఏడేళ్ళలో ఐదు. ఆ ఐదింటికీ నీళ్ళు పోసింది తనే. వాటిని ఎవరు చంపారని ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడగలేదు. వానలనుకున్నాడు, మట్టి అనుకున్నాడు.

చెక్కుతూ ఉంటే పుంజు బతికున్న ఆ ఆరేళ్ళూ గుర్తొచ్చాయి. కొట్టు మూసి వచ్చేసరికి అక్క పిండి జల్లెడతో ఇసుక జల్లిస్తూ ఉండేది. గులకరాళ్ళు ఒక పక్క, సన్నది ఒక పక్క, ఒళ్ళంతా దుమ్ము. జుట్టులోంచి మామూలు జెముడులా తిన్నగా ఒక పిలక బయలుదేరితే దాన్ని వెంటనే కోసెయ్యాలి, లేకపోతే బలమంతా అది లాగేసుకుని జుట్టును ఎండబెడుతుంది. ఆ పిలకను ముందు కనిపెట్టేది ఎప్పుడూ ఆమే. "ఒరే, దీనికి పాతబుద్ధి పుట్టిందిరా, రా!" అని వీధి దాకా వినిపించేలా కేకేసేది. పంచరు సగంలో వదిలి పరిగెత్తుకొచ్చేవాడు తను. కోసిన పిలకను ఆమె పారేసేది కాదు, కంచె వెంట గుచ్చేది. ఆ కంచె ఇప్పటికీ ఉంది. ఈ ఏడేళ్ళలో పిలకలు చాలాసార్లు కంటికి ఆలస్యంగా పడ్డాయి. రెండు జుట్లు అలాగే ఎండిపోయాయి.

"ఏంటి, పంచర్లన్నీ విప్పేస్తున్నావు? వ్యాపారం మానేస్తున్నావా?"

గడప అవతల అక్క. చేతిలో తాడు చుట్ట.

మేస్త్రీ తల ఎత్తాడు. నోరు తెరిచాడు. మళ్ళీ చేతిలో స్పోకు వైపు చూశాడు.

"ఊపు, కనీసం ఊపు," అంది.

ఆయన తల కూడా ఊపలేదు. ఆమె ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. "ఒంట్లో బాగానే ఉందా?" అడిగి, "మీ ఆవిడ నా దగ్గరే ఉంది, పెట్టెలు కడుతోంది. ఆకలేస్తే అక్కడికే రా," అని వెళ్ళిపోయింది.

పొద్దు వాలే వేళకు చేతులు కడుక్కుని గడప దాటి వెళ్ళాడు. అక్క గదిలోకి వెళ్ళడం ఆయనకు అలవాటు లేదు, మనిషే ఎప్పుడూ గడప దగ్గరికి వచ్చేది కాబట్టి. గోడకు మేకులు మాత్రం మిగిలాయి. భార్య అట్టపెట్టె మీద మోకాలు వేసి తాడు బిగిస్తోంది. అక్క నేల మీద కూర్చుని చీరలు మడతపెడుతోంది.

మేస్త్రీ అరచెయ్యి తెరిచాడు. అందులో ప్యాచీ ఉంది. ఒక వైపు నల్లగా, ఒక వైపు కుళ్ళు అంటుకుని.

"అక్కా. పుంజును చంపింది నువ్వు కాదు."

ఆమె మడత ఆపలేదు.

"ఇది. ఇలాంటిది దానికి వేశాను. దీని కింద కుళ్ళింది. నీళ్ళ వల్ల అయితే వేళ్ళు ముందు పోవాలి. వేళ్ళు బాగున్నాయి. ఆ రోజు నేను చూశాను. నేనే." ఊపిరి తీసుకున్నాడు. "నేనే చంపాను."

భార్య చేతిలో తాడు వదులైంది. అన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్క బిగిన అన్ని మాటలు అనడం ఆమె వినలేదు.

అక్క చీరను ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ ముందురోజు నేను పోశానురా," అంది. "ఒక చెంబుడు. నువ్వు కొట్లో ఉన్నావు. ఎండ మండిపోతోంది. పాపం దాహమేస్తుందేమో అనిపించింది."

"ఒక చెంబుకు ఏం కాదు."

"ఏం కాదా?"

"ఎండాకాలం నేను రెండు పోస్తాను."

ఆమె మాట్లాడకపోతే గది ఎలా ఉంటుందో మేస్త్రీకి అప్పుడే తెలిసింది. వీధిలో ఎవరో తలుపు వేస్తున్న చప్పుడు కూడా వినిపించింది.

"పిల్లకు పిల్ల పుట్టినప్పుడు నన్ను రమ్మంది," అంది చివరకు. "నువ్వొచ్చి పసిదానికి నీళ్ళు పొయ్యమ్మా, నాకు భయమేస్తోంది అంది. నేను మోచెయ్యి నొప్పని చెప్పాను. నొప్పేం లేదు. నా చెయ్యి మంచిది కాదనుకున్నానురా. అది నిజమనే అనుకున్నాను. దానికిప్పుడు ఐదేళ్ళు. తనే పోసుకుంటుంది."

"నవ్వేదానివిగా," అన్నాడు మేస్త్రీ. "ఆ పేరుతో పిలిస్తే."

"నవ్వక? వీధి వీధంతా పిలుస్తుంటే ఏడుస్తూ పలకనా?"

"తప్పయిపోయింది అక్కా."

ఆమె చీరను తీసి మళ్ళీ మొదటినుంచీ మడతపెట్టడం మొదలుపెట్టింది. అంచుకు అంచు కలిపి, చేత్తో సాపు చేసి. గొంతు పెద్దది చెయ్యలేదు.

"నాకు చెబితే ఏమొస్తుందిరా? ఆ రోజు నాతో అన్నావా నువ్వు? నాతో ఒక్క మాట అనలేదు. కొట్టు దగ్గర ఎవరడిగితే వాళ్ళకు చెప్పావు, మా అక్క నీళ్ళు పోసి చంపిందని. నువ్వు అన్నావని నాకు సబ్బులవాడు చెప్పాడు. నాతో అనుంటే అప్పుడే తిట్టేదాన్ని. వేళ్ళు చూడరా వెధవా అనేదాన్నేమో." చీరను పెట్టెలో పెట్టింది. "వదినా అని పిలిచి మూడు రోజులుగా పెట్టెలు కడుతోంది ఇది. దీనికైనా కాస్త టీ పెట్టిస్తాను, ఉండు."

లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఇంక ఆ మాట ఎత్తలేదు. ముగ్గురూ టీ తాగారు. భార్య తాడు ముడులు సరిచూసింది. మేస్త్రీ గ్లాసు కడిగి బోర్లించి ఇంటికి వచ్చాడు.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని వీధి మొదట్లోకి వెళ్ళాడు. ఆ వీధిలో రెండు వైపులా కలిపి ఇరవై ఆరు ఇళ్ళు. మొదటి ఇంటి తలుపు తట్టాడు.

నోట్లో బ్రష్షుతో ఒక కుర్ర మొగుడు తలుపు తీశాడు.

"పుంజును చంపింది మా అక్క కాదు. నేను," అన్నాడు మేస్త్రీ.

కుర్రవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "చంపారా? ఎవర్నండీ?"

"జెముడును. ఏడేళ్ళ కిందట."

"మేం వచ్చి నాలుగు నెలలేనండీ."

"మా అక్కను నీళ్ళక్క అంటారుగా మీరూ?"

"అందరూ అంటుంటే... పేరనుకున్నాం."

"నీళ్ళ వల్ల కాదు. అది చెప్పడానికొచ్చాను." అని పక్కింటికి నడిచాడు.

రెండో ఇంట్లో సబ్బులవాడు సైకిలుకు సంచులు తగిలిస్తున్నాడు. మొత్తం విని బుర్ర గోక్కున్నాడు. "పుంజా? నువ్వు కోళ్ళెప్పుడు పెంచావన్నా?" మేస్త్రీ మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. వరద, జెముడు, ప్యాచీ. "ఓహో, ఆ ముళ్ళ చెట్టా!" అన్నాడు సబ్బులవాడు. తర్వాత సంచి తగిలించడం ఆపి, "ఆవిడకు ఆ మాట మోసింది నేనే," అన్నాడు మెల్లగా. మేస్త్రీ తల ఊపి ముందుకు పోయాడు.

ఇస్త్రీ బండివాడికి బాగా గుర్తుంది. "ఏడేళ్ళకు తెలిసిందా? నీ దగ్గర బాగుచేయించిన నా సైకిలు ఎప్పుడు కూలుతుందో మరి!" అని పగలబడి నవ్వాడు. మేస్త్రీ నవ్వు అయ్యేదాకా నిలబడి, "నీళ్ళ వల్ల కాదు, అది గుర్తుపెట్టుకో," అని కదిలాడు. ఒక ఇంట్లో ఆడవాళ్ళు స్నానాల తొందరలో ఉండి తలుపు సందులోంచే విన్నారు. ఒక ఇంటి ముసలాయనకు చెవి వినిపించదు, ఆయనకు అరిచి చెబితే అటూ ఇటూ నాలుగిళ్ళు బయటికొచ్చాయి. వాళ్ళకు కూడా చెప్పినట్టే అయినా, ఆ నాలుగు తలుపుల ముందుకూ వెళ్ళి విడివిడిగా మళ్ళీ చెప్పాడు. సగం దాటేసరికి గొంతు బొంగురుపోయింది. సంవత్సరానికి సరిపడా మాటలు ఆ మూడు గంటల్లో అయిపోయాయి.

మలుపు దగ్గర టీచరమ్మ ఇల్లు. ఉద్యోగం విరమించి చాలా కాలమైనా ఇప్పటికీ పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చుంటుంది. అందరికీ పేర్లు పెట్టడం ఆవిడకు సరదా. విన్నంతసేపూ కళ్ళద్దాల మీంచి చూసింది. నవ్వలేదు.

"ఆ పేరు పెట్టింది నేనే కదూ మేస్త్రీ?"

"పెట్టింది మీరు. పెట్టించింది నేను."

"ఎన్నింటికి వెళుతోంది?"

"పదింటికి."

ఆవిడ కాగితాలు మూసి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. మేస్త్రీ ఇరవై మూడో ఇంటికి వెళ్ళబోతూ ఉండగా వెనక వ్యాను చప్పుడు వినిపించింది. పది దాటినట్టుంది. వ్యాను మెల్లగా వచ్చి ఆయనకు రెండిళ్ళ వెనక ఆగింది. ఇంజను ఆగలేదు. నెత్తి మీద పెట్టెలు, వాటికి భార్య వేసిన ముడులు. ముందు సీట్లో డ్రైవరు పక్కన అక్క. ఆమె కిటికీ దగ్గర టీచరమ్మ చెప్పుల్లేకుండా నిలబడి ఏదో చెబుతోంది. అక్క వింటోందో లేదో, ఆమె చూపు మాత్రం తమ్ముడి వీపు మీద ఉంది.

"పెద్దమ్మా, ఎండెక్కుతోంది. పోదామా?" అన్నాడు డ్రైవరు.

"ఉండవయ్యా," అంది అక్క. "వాడికి ఇంకా నాలుగిళ్ళున్నాయి."

మేస్త్రీ వెనక్కి తిరగలేదు. గొంతు సవరించుకుని పక్కింటి తలుపు తట్టాడు.